క్రేటర్ లేక్ చుట్టూ కార్లు లేని రోజున సైకిల్ మీద: తరచుగా అడిగే ప్రశ్నలు

ఆగస్టు వచ్చిందంటే పోర్ట్‌లాండ్, సియాటెల్, బే ఏరియా మన సైక్లిస్టుల వాట్సాప్ గ్రూపుల్లో అవే ప్రశ్నలు. “క్రేటర్ లేక్‌లో కార్లు ఆపేస్తారట, ఎప్పుడు? ఎంత కష్టం? పిల్లల్ని తీసుకెళ్ళొచ్చా?” చెప్పేవాళ్ళు పాతవాళ్ళే, అడిగేవాళ్ళు ఏటా కొత్తవాళ్ళు. అందుకే అన్నీ ఒకచోట రాసి పెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోండి. ఒక్క మాట మాత్రం ముందే చెప్పాలి: ఆ రోజు దారిలో కార్లు ఉండవు గానీ కొండలు ఎక్కడికీ పోవు. చాలామంది మొదటి సగం విని బయల్దేరతారు.

## వెళ్ళాలా వద్దా అని ఆలోచిస్తున్నప్పుడు

ఇంతకీ ఇదేమిటి? రేసా?

రేసు కాదు. అమెరికాలో ఒరెగాన్ రాష్ట్రం దక్షిణాన, క్రేటర్ లేక్ నేషనల్ పార్కులో, సరస్సు అంచు చుట్టూ 33 మైళ్ళ (53 కిలోమీటర్ల) తారు రోడ్డు ఉంది. పేరు రిమ్ డ్రైవ్. సెప్టెంబరులో రెండు శనివారాలు తూర్పు వైపు ముక్కను, అంటే దాదాపు 24 మైళ్ళను, కార్లకు మూసేసి సైకిళ్ళకూ నడిచేవాళ్ళకూ వదిలేస్తారు. 2013లో మొదలైన ఈ ఏర్పాటును ‘రైడ్ ది రిమ్’ అంటారు. టైమింగ్ చిప్పులు, మెడళ్ళు, ర్యాంకులు ఉండవు. ఎవరి ఓపిక వాళ్ళది. స్ట్రావా అనే సైక్లింగ్ యాప్‌లో ఎవరు ముందున్నారో చూసుకునేవాళ్ళు ఎలాగూ ఉంటారు, వాళ్ళను పోనివ్వండి.

మొత్తం చుట్టులో ఒక్క కారు కూడా ఉండదా?

ఉంటుంది. మూసేది తూర్పు వైపే, అంటే ఉత్తర గేటు రోడ్డు వచ్చి కలిసే నార్త్ జంక్షన్ నుంచి దక్షిణాన ఉన్న పార్క్ హెడ్‌క్వార్టర్స్ దాకా. పడమటి వైపు, లాడ్జ్ ఉన్న రిమ్ విలేజ్ నుంచి నార్త్ జంక్షన్ వరకు 6 మైళ్ళు, హెడ్‌క్వార్టర్స్ నుంచి రిమ్ విలేజ్‌కి ఎక్కే 3 మైళ్ళు మామూలుగానే నడుస్తాయి. పూర్తి చుట్టు కొట్టాలంటే ఈ 9 మైళ్ళు కార్లతో, పెద్ద పెద్ద ఆర్‌వీలతో (ఇల్లులాంటి బండ్లతో) పంచుకోవాలి. ఇక్కడ రోడ్డుకు పక్క జాగా లేదు, కాబట్టి ఒకరి వెనక ఒకరు వెళ్ళండి. మూసిన ముక్కలో కూడా పార్కు సిబ్బంది బండ్లు, అవసరమైతే అంబులెన్సు రావచ్చు. రోడ్డంతా మనదే అని గుడ్డి మలుపుల్లో ఎడమ వైపుకి వెళ్ళకండి.

వారాంతాల్లో చదును దారి మీద 40 మైళ్ళు తొక్కుతాను. ఇది నావల్ల అవుతుందా?

చదును మీద 40 మైళ్ళ లెక్క ఇక్కడ పనికిరాదు. చుట్టు మొత్తం మీద ఎక్కాల్సింది కలిపితే 3,500 నుంచి 4,000 అడుగుల దాకా అవుతుంది. మన లెక్కలో చెప్పాలంటే, అలిపిరి నుంచి తిరుమలకు సుమారు 700 మీటర్ల ఎత్తు. ఇక్కడ వెయ్యి మీటర్లు దాటుతుంది. తేడా ఏమిటంటే అది ఒకే ఎక్కుడు, ఇది ముక్కలు ముక్కలుగా వస్తుంది. ఒకటి ఎక్కి, దిగి, కాళ్ళు చల్లబడ్డాక ఇంకొకటి ఎదురవుతుంది.

రెండు నెలల ముందు నుంచి వారానికి ఒకసారైనా కొండ ఎక్కండి. పోర్ట్‌లాండ్ వాళ్ళకు మౌంట్ టేబర్ చేతికి అందే దూరంలో ఉంది. అది కూడా ఒక చిన్న అగ్నిపర్వతమే, నగరం నడిమధ్యలో. బుధవారాలు ఆ పార్కులోకి మోటారు బండ్లను రానివ్వరు. ఆఫీసు అయ్యాక నాలుగైదు సార్లు పైకీ కిందకీ తొక్కితే ట్రెడ్‌మిల్ మీద గంటల కన్నా మేలు.

అంత ఎత్తులో ఊపిరి ఆడుతుందా?

సరస్సు నీటి మట్టమే 6,178 అడుగులు (1,883 మీటర్లు). ఆంధ్రప్రదేశ్‌లో అన్నిటికన్నా ఎత్తని చెప్పుకునే అర్మ కొండ 1,680 మీటర్లే. రోడ్డు ఈ నీటికి ఇంకా పైన, చాలా భాగం 6,500 నుంచి 7,700 అడుగుల మధ్య సాగుతుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకు ప్రమాదమేమీ లేదు గానీ, సముద్రమట్టం దగ్గర ఉండేవాళ్ళకు మామూలు ఎక్కుడు కూడా ఆయాసం తెప్పిస్తుంది. ముందు రోజు మధ్యాహ్నానికే చేరి రాత్రి అక్కడ పడుకుంటే తేడా తెలుస్తుంది. ఉబ్బసం, గుండె జబ్బు, బీపీ మందులు ఉన్నవాళ్ళు డాక్టర్ని అడిగి రావాలి.

ఈ-బైక్‌తో వస్తే చిన్నచూపు చూస్తారా?

ఎవరూ చూడరు. పార్కు రోడ్ల మీద ఈ-బైక్‌లకు అనుమతి ఉంది. భార్యాభర్తల్లో ఒకరు బాగా తొక్కేవాళ్ళు, ఒకరు కొత్తవాళ్ళు అయితే ఇంతకన్నా మంచి ఉపాయం లేదు. బ్యాటరీ ఒక్కటే చూసుకోండి. చలికీ, ఎక్కుడుకీ అది కంపెనీ చెప్పిన మైళ్ళు ఇవ్వదు. మొదటి ఎక్కుడులోనే టర్బో (మోటారు అన్నిటికన్నా ఎక్కువ సాయం చేసే మోడ్) పెట్టేస్తే చివరి ఎక్కుడులో ఆ బరువంతా మీ కాళ్ళ మీదే.

పిల్లల్ని తీసుకురావచ్చా?

రావచ్చు, ఏడాదిలో ఇంత మంచి అవకాశం వాళ్ళకు మళ్ళీ దొరకదు. కానీ చుట్టు మొత్తం తిప్పాలనుకోకండి. హెడ్‌క్వార్టర్స్ నుంచి తూర్పుకు వెళ్ళి విడే ఫాల్స్ అనే జలపాతం దాకా సుమారు 3 మైళ్ళు. ఓపిక ఉంటే ఇంకొంచెం ఎక్కి సన్ నాచ్ దాకా, మొత్తం నాలుగున్నర మైళ్ళు. అక్కడ సైకిళ్ళు పెట్టి చిన్న నడకదారి తిరిగితే సరస్సు కనిపిస్తుంది. తిరిగి వచ్చేది దిగుడు కాబట్టి అలసిన పిల్లలు ఏడవరు. ఉత్తరం నుంచి అయితే నార్త్ జంక్షన్ నుంచి క్లీట్‌వుడ్ కోవ్ కాలిబాట మొదలయ్యే చోటి వరకు వెళ్ళి రావచ్చు, ఒక వైపు నాలుగున్నర మైళ్ళు. ఒరెగాన్‌లో 16 ఏళ్ళలోపు వాళ్ళకు హెల్మెట్ చట్టప్రకారం తప్పనిసరి. పెద్దవాళ్ళు కూడా పెట్టుకుంటేనే పిల్లలు పెట్టుకుంటారు.

మామూలు రోజుల్లో ఇదే దారి తొక్కకూడదా?

తొక్కవచ్చు. మంచు కరిగి మొత్తం చుట్టు తెరుచుకునేది మామూలుగా జులైలో. అక్టోబరు, నవంబరుల్లో మళ్ళీ మూతపడుతుంది. తెల్లవారుతూనే మొదలుపెడితే మొదటి రెండు గంటలు ప్రశాంతమే. పది దాటాక మాత్రం సరస్సును చూస్తూ స్టీరింగ్ తిప్పే డ్రైవర్ల మధ్య తొక్కాలి. రోడ్డు సన్నం, ఒక పక్క లోయ. కొండదారుల్లో ట్రాఫిక్‌కు అలవాటు పడనివాళ్ళకు నేను సెప్టెంబరు శనివారాలే చెబుతాను.

## బయల్దేరే ముందు

తేదీలు ఎలా తెలుస్తాయి? డబ్బు కట్టాలా?

తేదీలు, రోడ్డు మూసే వేళలు పార్కు వెబ్‌సైట్‌లో పెడతారు. వేళలు ఏటా కొద్దిగా మారతాయి. మామూలుగా పొద్దున మూసి సాయంత్రానికి తెరుస్తారు. మధ్యాహ్నం తర్వాత మొదలుపెట్టి పూర్తి చేద్దామనుకుంటే, చివరి మైళ్ళలో కార్లు మీ వెనకే ఉంటాయి. రోడ్డు పనులో, కార్చిచ్చో ఉన్న ఏడాది కార్యక్రమం మారిపోవచ్చు కూడా. అందుకని రద్దు చేసుకునే వీలున్న గదే తీసుకోండి.

పాల్గొనడానికి ప్రత్యేక రుసుము లేదు. ఎంతమంది వస్తారో తెలియడానికి పేరు నమోదు చేసుకోమంటారు, చేసుకోవడం మర్యాద. పార్కు ప్రవేశ రుసుము మాత్రం అందరిలాగే కట్టాలి. నేషనల్ పార్కుల వార్షిక పాస్ ఉంటే చాలు.

ఎంత దూరం? ఎక్కడ దిగాలి?

పోర్ట్‌లాండ్ నుంచి దాదాపు 250 మైళ్ళు, ఐదు గంటలు అనుకోండి. బెండ్ నుంచి రెండు గంటలు, మెడ్‌ఫర్డ్ నుంచి గంటన్నర, క్లమత్ ఫాల్స్ నుంచి గంట. సరస్సు అంచునే క్రేటర్ లేక్ లాడ్జ్ ఉంది, 1915లో తెరిచారు. ఉన్నవి 71 గదులే కాబట్టి ఆ శనివారాలకు దొరకడం అదృష్టం. పార్కు లోపలే మజామా విలేజ్‌లో కేబిన్లు, క్యాంప్‌గ్రౌండ్ ఉన్నాయి. ఉత్తరాన డైమండ్ లేక్, దక్షిణాన ఫోర్ట్ క్లమత్ వైపు కూడా బస దొరుకుతుంది. నాలుగు కుటుంబాలు కలిసి వెళ్తుంటే క్యాంప్‌గ్రౌండే హాయి. వంట మనది, కబుర్లు మనవి.

పోర్ట్‌లాండ్ నుంచి ఒకే రోజులో వెళ్ళి తొక్కి తిరిగి రావాలనే ఆలోచన మానుకోండి. చీకటి పడ్డాక ఆ అడవి రోడ్ల మీదికి జింకలు వస్తాయి, డ్రైవర్ కాళ్ళేమో అప్పటికే 33 మైళ్ళు తొక్కి ఉంటాయి.

ఏ సైకిల్? నా గేర్లు సరిపోతాయా?

రోడ్ బైక్, హైబ్రిడ్, గ్రావెల్ బైక్, ఏదైనా సరే. చూడాల్సింది వెనక క్యాసెట్‌లో అన్నిటికన్నా పెద్ద పళ్ళ చక్రం. ముందు 34 పళ్ళు, వెనక 32 లేదా 34 పళ్ళు ఉంటే కూర్చునే ఎక్కవచ్చు. పాత రేసింగ్ సైకిళ్ళలో ముందు 39, వెనక 25 ఉంటాయి. దాంతో ఎక్కితే ఆ రాత్రి మోకాళ్ళు నిద్రపోనివ్వవు. టైరు 28 మిల్లీమీటర్లకు తగ్గకుండా ఉంటే మంచిది. చలికాలమంతా మంచు కింద నలిగే రోడ్డు కాబట్టి పగుళ్ళు, అతుకులు, పైనుంచి దొర్లిన చిన్న రాళ్ళు ఉంటాయి.

బ్రేక్ ప్యాడ్లు అరిగాయేమో వారం ముందే చూపించండి. అందరూ ఎక్కుడు గురించి అడుగుతారు, దిగుడు గురించి అడిగేవాళ్ళు అరుదు.

అక్కడ సైకిల్ అద్దెకు దొరుకుతుందా?

పార్కులో దొరకదనే అనుకుని వెళ్ళండి. బెండ్, యాష్‌లాండ్, మెడ్‌ఫర్డ్‌లలో దుకాణాలున్నాయి. శుక్రవారం తీసుకుని ఆదివారం తిరిగిచ్చేలా ముందే మాట్లాడుకోవాలి.

తినడానికి ఏం పట్టుకెళ్ళాలి?

ఆకలేసేదాకా ఆగకండి, ముప్పావు గంటకోసారి నాలుగు ముద్దలు లోపల పడాలి. సైక్లిస్టులు తినే ఎనర్జీ జెల్‌లు అందరి కడుపుకూ పడవు. మనవాళ్ళు చాలామంది పల్లీ పట్టీలు, ఖర్జూరాలు, అరటిపళ్ళు, జీడిపప్పు జేబులో వేసుకుంటారు, అవి చాలు. తూర్పు అంచున ఎత్తయిన క్లౌడ్‌క్యాప్ వ్యూపాయింట్ దగ్గర డబ్బా తెరిచి పులిహోర తింటే ఆ రుచే వేరు. పులుపు, ఉప్పు, నూనె, అన్నం, కొండ ఎక్కేవాడికి కావలసినవన్నీ అందులో ఉన్నాయి. దద్దోజనం రాత్రికి దాచండి. కడుపు నిండా తిని ఎక్కుడు మొదలుపెట్టకూడదు, అది ఎంత కమ్మగా ఉన్నా సరే. పచ్చళ్ళ నూనె చేతి గ్లవ్స్‌కు అంటితే బ్రేక్ లివర్ జారుతుంది, తుడుచుకోండి.

తొక్కలు, పొట్లాలు వెనక్కి తెచ్చుకోవాలి. ఉడతలు మీ దగ్గరికొచ్చి చేతులు జోడించినట్టు కూర్చుంటాయి. పెట్టకండి, నిషేధం.

సెప్టెంబరే కదా, చలి ఉంటుందా?

పొద్దున గడ్డకట్టే చలికి దగ్గరగా ఉంటుంది, మధ్యాహ్నం ఎండ చురుక్కుమంటుంది, నీడలో మళ్ళీ చలి. ఒక మందపాటి జాకెట్ కన్నా పొరలు పొరలుగా వేసుకోవడం మంచిది: లోపల జెర్సీ, మోచేతులు కప్పే తొడుగులు, పైన గాలి ఆపే పల్చటి జాకెట్. ఎక్కేటప్పుడు తీసి జేబులో పెట్టి, దిగే ముందు వేసుకోవాలి. చెమటతో తడిసిన ఒంటికి దిగుడు గాలి తగిలితే వణుకే. నిండు వేళ్ళ గ్లవ్స్ మరిచిపోకండి. ఆ ఎత్తులో ఎండకు చర్మం తొందరగా కమిలిపోతుంది, మన రంగు కాపాడుతుందనుకోకుండా సన్‌స్క్రీన్ రాసుకోండి.

కార్చిచ్చు పొగ, మంచు... అలాంటివి ఉంటే?

రెండూ జరుగుతాయి. సెప్టెంబరులో ఒరెగాన్ అడవుల్లో మంటలుంటే పొగ వచ్చి సరస్సు గిన్నెలో నిలిచిపోతుంది, అవతలి ఒడ్డు కూడా కనపడదు. గాలి నాణ్యత సూచీ 150 దాటితే మానేయండి. పొగలో నడక వేరు, రొప్పుతూ ఎక్కడం వేరు. ఆ నెలలోనే మంచు పడటమూ వింత కాదు, ఏటా సగటున 40 అడుగులకు పైగా మంచు కురిసే చోటు అది. గురువారం రాత్రి పార్కు వెబ్‌క్యామ్‌లు, వాతావరణం చూసి నిర్ణయించుకోండి.

## ఆ రోజు దారిలో

ఎక్కడ మొదలుపెట్టాలి? ఏ దిక్కుగా తిరగాలి?

పూర్తి చుట్టుకు హెడ్‌క్వార్టర్స్ నుంచి బయల్దేరి, ముందు రిమ్ విలేజ్‌కి ఎక్కి, ప్రదక్షిణగా తిరగడం మేలు. అమెరికాలో రోడ్డుకు కుడివైపు తొక్కాలి కాబట్టి ఇలా తిరిగితే సరస్సు ఎప్పుడూ మీ పక్కనే ఉంటుంది, చూడటానికి రోడ్డు దాటక్కర్లేదు. కార్లున్న పడమటి భాగం పొద్దున్నే, జనం రాకముందే అయిపోతుంది. ఆఖర్న హెడ్‌క్వార్టర్స్‌కి దిగుతూ వస్తారు. రిమ్ విలేజ్‌లో మొదలుపెడితే ఆఖరి 3 మైళ్ళు, సుమారు 650 అడుగుల ఎక్కుడు, అలసిన కాళ్ళతో కార్ల మధ్య చేయాలి. చెప్పినా వినకుండా అక్కడే పార్క్ చేసేవాళ్ళు ఏటా ఉంటారు, ఎందుకంటే కాఫీ అక్కడ ఉంది.

కార్లు అస్సలు వద్దనుకుంటే హెడ్‌క్వార్టర్స్ నుంచి తూర్పు వైపు వెళ్ళినంత దూరం వెళ్ళి వెనక్కి రావచ్చు. చుట్టు పూర్తి చేయలేదన్న బెంగ పెట్టుకోకండి.

అన్నిటికన్నా కష్టమైన చోటు ఏది?

కాగితం మీద క్లౌడ్‌క్యాప్ ఎక్కుడు. క్లీట్‌వుడ్ దాటాక తూర్పు అంచు వెంబడి ఎక్కుతూ పోతుంది. పైన ఒక మైలు కొమ్మ రోడ్డు విడిపోయి 7,800 అడుగులు దాటిన క్లౌడ్‌క్యాప్ వ్యూపాయింట్‌కి వెళ్తుంది. ఒరెగాన్‌లో అంతకన్నా ఎత్తున తారు రోడ్డు లేదు.

కానీ నిజంగా మనుషులు చతికిలబడేది దాని తర్వాత. క్లౌడ్‌క్యాప్‌తో అయిపోయిందనుకుని హుషారుగా దిగుతారు. కెర్ నాచ్ అనే పల్లం దగ్గర దిగుడు అయిపోయి, డటన్ రిడ్జ్ అనే గట్టు ఎక్కుడు మొదలవుతుంది. అప్పటికి ఎండ ఎక్కి ఉంటుంది, సీసాలో నీళ్ళు అడుగంటి ఉంటాయి. కెర్ నాచ్‌లో పది నిమిషాలు కూర్చుని తిని, తాగి, అప్పుడు కదలండి.

ఎక్కడెక్కడ ఆగాలి?

పడమటి వైపు వాచ్‌మన్ అనే శిఖరం దగ్గర. కింద విజార్డ్ ఐలాండ్ నేరుగా కనిపిస్తుంది, నీళ్ళ మీదికి 750 అడుగులకు పైగా లేచిన బూడిద, రాళ్ళ శంకువు. సరస్సులో పుట్టిన అగ్నిపర్వతమది. కొస మీద దాని సొంత బిలం కూడా ఉంది.

తూర్పున క్లౌడ్‌క్యాప్. గాలికి ఒకే పక్కకు వంగిపోయిన తెల్లబెరడు పైన్ చెట్లు. అక్కడి నుంచి కిందికి వస్తూ పమిస్ క్యాజిల్ వ్యూపాయింట్ దగ్గర తప్పకుండా బ్రేకు వేయండి. సరస్సు గోడలో కాషాయ రంగు నురగరాయి పొర కోట బురుజుల్లా అరిగి నిలబడి ఉంటుంది. మామూలు రోజుల్లో ఆ మలుపు దగ్గర చాలా కార్లు దాన్ని చూడకుండానే దాటిపోతాయి. సైకిల్ వేగానికే అది పట్టుబడుతుంది.

కెర్ నాచ్ దగ్గర ఫాంటమ్ షిప్. పైనుంచి చిన్న పడవలా కనిపించే ఆ రాతి దీవి నిజానికి 16 అంతస్తుల భవనమంత ఎత్తు. 4 లక్షల ఏళ్ళ నాటి రాయి అది, ఈ సరస్సు గోడల్లో అంత పాతది అరుదు. ఇక్కడి నుంచే పినకిల్స్‌కు ఆరేడు మైళ్ళ కొమ్మ రోడ్డు పోతుంది. వేడి బూడిదలోంచి వాయువులు ఎగదన్నిన చోట్ల గట్టిపడిన మట్టి స్తంభాలు అక్కడ లోయలో బారులు తీరి ఉంటాయి. పోయేటప్పుడు దిగుడు, వచ్చేటప్పుడు ఎక్కుడు. కాళ్ళలో సత్తువ మిగిలితేనే వెళ్ళండి.

నా సలహా అడిగితే, పడమటి వైపు తక్కువ ఆగండి, తూర్పు వైపు ఎక్కువ ఆగండి. పడమర ఏ రోజైనా కారులో చూడవచ్చు. తూర్పున ఇంజిను చప్పుడు లేకుండా ఉండేది ఈ రెండు శనివారాలే.

దిగుడులో ఎంత వేగంగా పోవచ్చు?

వేగపరిమితి గంటకు 35 మైళ్ళు. సైకిళ్ళకు కూడా అంతే. ఈ దారి 1931 నుంచి 1941 మధ్య వేసినది. అంచున ఉన్న రాతి గోడలు అందంగా ఉంటాయి గానీ పొట్టివి. సైకిల్ మీద కూర్చున్నవాడి నడుముకు కూడా రావు. కొన్ని చోట్ల గోడే లేదు, తిన్నగా లోయ. మలుపుకు ముందే వేగం తగ్గించండి, మలుపులో బ్రేకు పట్టేయకండి. పైగా ఆ రోజు రోడ్డు మీద నడిచేవాళ్ళు, తప్పటడుగుల పిల్లలు, ఫోటో కోసం హఠాత్తుగా ఆగేవాళ్ళు ఉంటారు. మీరు ఆగాలంటే రోడ్డు దిగి ఆగండి.

నీళ్ళు, బాత్‌రూమ్?

ఆ శనివారాల్లో కొన్ని చోట్ల వాలంటీర్లు నీళ్ళు అందిస్తారు, తాత్కాలిక టాయిలెట్లు ఉంటాయి. అయినా రెండు పెద్ద సీసాలు నింపుకునే బయల్దేరండి. కింద అంత నీళ్ళున్నా పైన రోడ్డు మీద మీకు చుక్క అందదు.

పంక్చరైతే? మధ్యలో తొక్కలేకపోతే?

రెండు ట్యూబులు, టైరు లివర్లు, పంపు, మల్టీటూల్ మీ దగ్గరే ఉండాలి, వాడటం ఇంట్లో ఒకసారి చేసి చూసుకుని ఉండాలి. ఫోన్ సిగ్నల్ ఉండదనే లెక్కేసుకోండి. మ్యాపు ముందే డౌన్‌లోడ్ చేయండి. “ఫోన్ చేస్తే మా ఆయన కారు తెస్తాడు” అనే పథకం రోడ్డు మూసిన చోట పనిచేయదు. సగం దాటకముందే కాళ్ళు మొరాయిస్తే వెనక్కి తిరగడం తెలివైన పని. గుంపుగా వెళ్తే కలుసుకునే చోట్లు, వేళలు పొద్దునే అనుకోండి. బాగా వెనకబడేవాళ్ళతో ఒకరు ఉండాలి.

సరస్సులో దిగి ఈదవచ్చా?

నీళ్ళ దాకా పోయేది క్లీట్‌వుడ్ కోవ్ కాలిబాట ఒక్కటే. 2026 నుంచి కొన్నేళ్ళపాటు మరమ్మతుల కోసం దాన్ని మూస్తామని ప్రకటించారు. వేరే చోట గోడ దిగే ప్రయత్నం చేయకండి. రాళ్ళు నిలవవు, దిగిన చాలామందిని తాళ్ళతో పైకి లాగాల్సి వచ్చింది.

అమ్మా నాన్నా ఇండియా నుంచి వచ్చి ఉన్నారు. మేం తొక్కుతుంటే వాళ్ళేం చేస్తారు?

రిమ్ విలేజ్‌లో దింపండి. లాడ్జ్ వెనక వరండాలో సరస్సు వైపు ఊగే కుర్చీలు వేసి ఉంటాయి. శాలువా, మంకీ క్యాప్, ఫ్లాస్కులో టీ ఉంటే సగం పూట ఇట్టే గడుస్తుంది. పడమటి రోడ్డు కార్లకు తెరిచే ఉంటుంది కాబట్టి తొక్కనివాళ్ళెవరైనా వాళ్ళను వాచ్‌మన్ దాకా తిప్పి తేవచ్చు. మీరు తిరిగొచ్చే వేళ ఒక గంట ఎక్కువ చేసి చెప్పండి, సిగ్నల్ లేని చోట వాళ్ళు కంగారు పడకుండా.

## కొండ గురించి

అగ్నిపర్వతం అన్నారు, కొండ ఏది మరి?

మీరు దాని మొండెం చుట్టూ తొక్కుతున్నారు. మౌంట్ మజామా అనే ఆ కొండ ఒకప్పుడు సుమారు 12,000 అడుగులు ఉండేదని అంచనా. దాదాపు 7,700 ఏళ్ళ కిందట పేలింది. లోపలున్న కరిగిన రాయి బయటికి చిమ్మేసరికి, కింద ఆధారం లేక పైభాగం తనలో తానే కూలిపోయింది. ఆ గుంటలో వందల ఏళ్ళ వాననీరు, మంచునీరు చేరి సరస్సయింది. లోపలికి వచ్చే నది లేదు, బయటికి పోయేదీ లేదు. ఉత్తర గేటు నుంచి వచ్చేవాళ్ళు దాటే చెట్టు చేమా లేని పమిస్ డెజర్ట్ ఆ పేలుడు నురగరాయితో నిండిన మైదానమే.

ఇక్కడి క్లమత్ ప్రజల పూర్వీకులు ఆ పేలుడు చూశారు. పాతాళానికి అధిపతి లావ్‌కూ, పైలోకపు స్కెల్‌కూ జరిగిన యుద్ధంగా ఆ కథ వాళ్ళలో నేటికీ నిలిచి ఉంది. దారిలో లావ్ రాక్, స్కెల్ హెడ్ అని కనిపించే పేర్లు అవే. వాళ్ళకది పవిత్రమైన చోటు, గోలగా స్పీకర్లు పెట్టుకుని తిరగకండి.

మళ్ళీ పేలుతుందా?

చచ్చిపోయిన అగ్నిపర్వతం కాదు, నిద్రలో ఉన్నది. ఆఖరుసారి సుమారు 4,800 ఏళ్ళ కిందట నీటి అడుగున లావా వచ్చింది. అమెరికా భూగర్భ పరిశోధన సంస్థ దాన్ని గమనిస్తూనే ఉంటుంది. మీ శనివారానికి దానివల్ల ముప్పు లేదు, ముప్పంతా ముందు చక్రం బ్రేకు ఒక్కటే నొక్కేవాళ్ళకే.

నీళ్ళు అంత నీలంగా ఎందుకు? ఫోటో ఫిల్టరా?

ఫిల్టర్ కాదు. లోతు 1,943 అడుగులు (592 మీటర్లు), అమెరికాలో ఇంతకు మించిన లోతైన సరస్సు లేదు. నదులు లేవు కాబట్టి ఒండ్రు రాదు. అంత స్వచ్ఛమైన లోతు నీరు ఎరుపు, పసుపు కాంతిని మింగేసి నీలాన్ని వెనక్కి పంపుతుంది. ఎండ నెత్తిన ఉన్నప్పుడు బాగా కనిపిస్తుంది. దుర్భిణి ఉంటే ‘ఓల్డ్ మ్యాన్’ కోసం వెతకండి: 1896 నాటికే నమోదైన ఒక చెట్టు మొద్దు, ఇప్పటికీ నిలువుగా తేలుతూ సరస్సంతా తిరుగుతుంటుంది.

గుర్తుగా చిన్న రాయి తెచ్చుకోవచ్చా?

వద్దు, నేషనల్ పార్కులో రాయి తీయడం నేరం. డ్రోన్ ఎగరేయడం కూడా.

## ఈసారి కుదరకపోతే

సెప్టెంబరులో సెలవు దొరకలేదు. కార్లు లేని అగ్నిపర్వత దారి ఇంకెక్కడైనా ఉందా?

ఒరెగాన్‌లోనే మెకెంజీ పాస్, 242వ నంబరు రోడ్డు. చలికాలమంతా మూసి ఉంటుంది. వసంతంలో మంచు తీశాక, జూన్‌లో కార్లకు గేటు తెరిచేలోపు సైకిళ్ళు వెళ్ళవచ్చు. సిస్టర్స్ ఊరి నుంచి 15 మైళ్ళు, సుమారు 2,000 అడుగుల ఎక్కుడు. పైన 5,325 అడుగుల దగ్గర రోడ్డుకు రెండు పక్కలా నల్లటి లావా రాళ్ళ సముద్రం. నడుమ అదే రాళ్ళతో 1935లో కట్టిన డీ రైట్ అబ్జర్వేటరీ బురుజు. మంచు తీసే బండ్లు ఇంకా పనిచేస్తుండవచ్చు, వాటికి దారి వదలండి. నా మటుకు నాకు మొదటిసారి వెళ్ళేవాళ్ళకు క్రేటర్ లేక్ కన్నా ఇదే నయం: ఒకే ఎక్కుడు, ఒకే దిగుడు, ఎప్పుడు కావాలంటే అప్పుడు వెనక్కి తిరగవచ్చు. బే ఏరియా వాళ్ళకు లాసెన్ అగ్నిపర్వత పార్కు దగ్గర. అక్కడ కూడా వసంతంలో మంచు తీసిన రోడ్డును కార్లకన్నా ముందు సైకిళ్ళకూ నడిచేవాళ్ళకూ వదులుతారు. ఇది 8,500 అడుగుల దాకా ఎక్కుతుంది.

హైదరాబాద్ నుంచి తమ్ముడు వస్తున్నాడు. వచ్చేముందు అక్కడ ఎక్కడ సాధన చేయాలి?

ఔటర్ రింగు రోడ్డు పక్కన 2023లో తెరిచిన 23 కిలోమీటర్ల సోలార్ కప్పు సైకిల్ ట్రాక్ మీద కార్లు లేకుండా దూరం అలవాటవుతుంది, ఎక్కుడు మాత్రం రాదు. ఎక్కుడు కోసం ఆదివారం తెల్లవారుజామున వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండలకు పొమ్మనండి. అవీ పాత లావా మీద నిలిచినవే, దక్కన్ నల్లరేగడి నేలలను ఇచ్చిన అదే రాయి. ఎక్కుడు చిన్నది కాబట్టి అదే వాలు మూడు నాలుగు సార్లు ఎక్కి దిగాలి. తొమ్మిదిలోపు ముగించమనండి, తర్వాత పిక్నిక్ కార్లు వస్తాయి. తన పెడల్సు, సీటు విప్పి సూట్‌కేసులో తెచ్చుకుంటే ఇక్కడ అద్దె సైకిల్‌కు బిగించుకోవచ్చు.